కోపం నాయకులది, నష్టం రైతుది

మన ఎమ్మెల్యే నయమా, ఎదుటి పార్టీవాడు నయమా అని చాట్‌బాట్‌ను అడిగి, జవాబును స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో తిప్పడం అమలాపురం నుంచి నరసాపురం దాకా మామూలైపోయింది. నచ్చనివాళ్లు కేసు పెట్టాలంటారు. ఊళ్లో కార్యకర్త అంటే నవ్వి ఊరుకోవచ్చు. ప్రభుత్వాలే ఆ మాట అంటున్నాయి.

2024 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ గురించి గూగుల్ చాట్‌బాట్ జెమిని ఇచ్చిన జవాబు ఐటీ నిబంధనలకు విరుద్ధమని అప్పటి కేంద్ర సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ ప్రకటించారు. మార్చి 1న, సరిగా పరీక్షించని ఏఐ మోడళ్లను జనంలోకి వదలాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని కేంద్రం అడ్వయిజరీ ఇచ్చింది. విమర్శలు రావడంతో రెండు వారాల్లోనే ఆ షరతు ఎత్తేసింది. అమెరికా కూడా తక్కువేం తినలేదు. చాట్‌బాట్‌లు యూదుల పట్ల వైఖరిని బట్టి అధ్యక్షులకు ర్యాంకులిచ్చి ట్రంప్‌ను అట్టడుగున పెట్టాయంటూ 2025 జూలైలో మిస్సోరీ రాష్ట్ర అటార్నీ జనరల్ నాలుగు పెద్ద కంపెనీలకు లేఖలు రాశారు.

లేని కేసు ఉందని యంత్రం చెబితే పరువు నష్టమే, కోర్టుకు వెళ్లాల్సిందే. పాలన మీద అభిప్రాయం ఆ కోవలోకి రాదు. మంత్రి కోపానికి జడిసిన కంపెనీ, రాజకీయం ఎత్తితే నోరు విప్పకుండా చాట్‌బాట్‌ను దిద్దుతుంది. ఆ తర్వాత పోలవరం నిర్వాసితుల పరిహారం సంగతి అడిగినా అది దాటేస్తుంది.

నిలదీయాల్సిన చోటు వేరే ఉంది. భీమవరం పక్కన ఒక వనామీ చెరువులో రొయ్యలు మేత ముట్టడం లేదనుకోండి. అర్ధరాత్రి రైతు మేత కంపెనీ యాప్‌లోని చాట్‌బాట్‌కు ఫొటో పెడతాడు. అది నిషేధించిన యాంటీబయోటిక్ పేరు చెబితే? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్లు దొరికిన సరుకును యూరప్ తిప్పి పంపుతుంది. ఎగుమతిదారు కొననంటాడు. చెరువు లీజు, మేత బాకీ రైతు నెత్తినే ఉంటాయి. ‘పొరపాట్లు ఉండొచ్చు’ అని స్క్రీన్ అడుగున సన్నక్షరాల్లో రాసి కంపెనీ చేతులు దులుపుకుంటే ఒప్పుకోవాలా?

కెనడాలో ఒప్పుకోలేదు. ఇంట్లో పెద్దావిడ చనిపోయి ప్రయాణమైన వ్యక్తికి ఎయిర్ కెనడా చాట్‌బాట్ చార్జీ రాయితీ గురించి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకు చాట్‌బాట్‌దే బాధ్యత అని సంస్థ విచిత్రంగా వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి పరిహారం కట్టించింది.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉచిత సేవను సేవగానే లెక్కించదు. సొంత జీవనోపాధి కోసమైతే తప్ప, వ్యాపారానికి కొన్నవారిని వినియోగదారుగా గుర్తించదు. చాట్‌బాట్ ఉచితం, పదెకరాల చెరువు వ్యాపారం అని లాయరు రెండు ముక్కలు చెబితే రైతు కేసు అక్కడే ఆగిపోవచ్చు. డెల్టా ఎంపీలు పార్లమెంటులో అడగాల్సింది ఈ రెండు కంతల గురించి. రాష్ట్రం మాత్రం ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు. ఆక్వా మేత నాణ్యత మీద 2020లో చట్టం చేసింది కాబట్టి, యాప్‌లో చెప్పే ప్రతి సలహాకూ కంపెనీదే పూచీ అన్న షరతును మేత లైసెన్సుల్లోనే పెట్టాలి.