ఒకటో నంబరు వారు లోపలే ఉన్నారు

కరెంటు పోయి సర్వరు ఠప్పున ఆగింది. డేమన్ (వెనకాల నిత్యం నడిచే ప్రోగ్రాము) పోయింది, దాని మెమరీ పోయింది, సాకెట్లు పోయాయి. చెక్కుచెదరనిది ఒక్క పీఐడీ ఫైలే, అంటే డేమన్ తన ప్రాసెస్ నంబరు రాసి పెట్టుకునే ఫైలు. రన్ డైరెక్టరీలో పెట్టుంటే అదీ రీబూట్‌తో పోయేది, ఆ డైరెక్టరీ ర్యామ్‌లో ఉండేది కనుక. మనవాళ్లకు డిస్కు మీదే మమకారం. కొత్త డేమన్ వచ్చి అందులోని అంకె చూసి, "అయ్యో, పెద్దలు లోపలున్నారు" అని గుమ్మంలోంచే వెనుదిరుగుతుంది.

కాస్త బుర్రున్నదైతే, ప్రాసెస్‌లకు సిగ్నల్ పంపే కిల్ కమాండుతో కిల్ -0 కొట్టి చూస్తుంది. సిగ్నల్ ఏదీ వెళ్లదు, ఆ నంబరుతో ఎవరో ఒకరు బతికున్నారో లేదో తెలుస్తుంది. ఎవరో ఒకరు! రీబూట్ కాగానే నంబర్ల పంపకం మళ్లీ మొదలు. నిన్న 812 డేటాబేసు, ఇవాళ 812 వేళకు పనులు నడిపే క్రాన్ కావచ్చు.

ఈ వైభవం కంటైనర్లో (ప్రాసెస్ నంబర్లు విడిగా ఒకటి నుంచి మొదలయ్యే పెట్టెలో) చూడాలి. అందులో రెయిల్స్ వెబ్ సర్వరు ఒకటో నంబరుగా పుడుతుంది. పాత ఫైలు తెరిస్తే "1" అని ఉంటుంది. ఒకటో నంబరు బతికుందా? నిక్షేపంగా ఉంది, తనే కదా! "సర్వరు ఇప్పటికే నడుస్తోంది" అని సవినయంగా ప్రకటించి ప్రాణం వదులుతుంది. ఆగితే మళ్లీ లేపాలనే రీస్టార్ట్ పాలసీ ఇంకొకదాన్ని పుట్టిస్తుంది. అదీ ఒకటో నంబరే, అదీ చదువుతుంది, అదీ పోతుంది. తెల్లవార్లూ ఇదే వరుస. (పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మాత్రం ఫైల్లో ఉన్నది తన నంబరో తండ్రి నంబరో అయితే పట్టించుకోదు.)

ఇక్కడ ఎంట్రీపాయింట్‌లో (కంటైనర్ లేవగానే నడిచే స్క్రిప్టులో) ఆర్‌ఎం -ఎఫ్ రాసి ఫైలు తీసేయడం తప్పేం కాదు, లోపల ఇంకో సర్వరు ఉండదు. కానీ అదే లైను కాపీ కొట్టి డేటాబేసు స్టార్టప్ స్క్రిప్టులో పెట్టే మహానుభావులున్నారే, వాళ్ల చేతికి రూట్ పాస్‌వర్డ్ ఎవరిచ్చారు? పోస్ట్‌గ్రెస్ పెద్ద ప్రాసెస్ పోస్ట్‌మాస్టర్‌ను కిల్ -9తో (తక్షణం చంపే సిగ్నల్‌తో) చంపారు, అది పుట్టించిన పిల్ల ప్రాసెస్‌లైన బ్యాకెండ్లు ఇంకా రాస్తూనే ఉన్నాయి. దాని పీఐడీ ఫైల్లో, ఆ ప్రాసెస్‌లన్నీ పంచుకునే మెమరీకి గుర్తైన షేర్డ్ మెమరీ కీ ఉంటుంది, వాటిని పసిగట్టడానికి పనికొచ్చేది అదే. దాన్నే చెరిపేస్తారా? ఒకే డేటా డైరెక్టరీలో రెండు గుంపులు రాస్తే పాడైన పేజీలను ఏ ఆర్‌ఎం బాగుచేస్తుంది?

చేయాల్సింది నిమిషం పని. ఫైల్లో మొదటి లైను నంబరు తీసుకుని, పీఎస్ -పీతో ఎల్‌స్టార్ట్ (ఎప్పుడు మొదలైంది), ఆర్గ్స్ (ఏ కమాండుతో) చూడండి. ఆ నంబరు లేకపోయినా, ఉన్నది వేరే ప్రోగ్రామైనా, పాత డేటాబేసు పిల్లలెవరూ మిగల్లేదని ప్రాసెస్ జాబితాలో చూసుకుని, అప్పుడు తీయండి.

సొంతంగా రాసుకునే డేమన్ అయితే ఫైలు మీద ఎఫ్‌లాక్ అనే తాళం వేయండి. ప్రాసెస్ ఎలా చచ్చినా, కిల్ -9 అయినా, తాళం ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెలే విప్పుతుంది. సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ కింద ఫోర్‌గ్రౌండ్‌లో నడిపితే అసలు పీఐడీ ఫైలే అక్కర్లేదు. అయినా రాస్తూనే ఉంటారు, అలవాటు.