బుల్లెట్ అన్నాక ఆయిల్ కారుతుందట!

ఇప్పుడే మెకానిక్ షెడ్డు నుంచి బండి తెచ్చి వరండాలో పెట్టాను. ఒళ్లు మండిపోతోంది. ఇది రాస్తే గానీ నాకు ముద్ద దిగదు.

మా నాన్నగారి బుల్లెట్ మీలో చాలామంది చూసిందే. కుడికాలితో గేరు వేసే పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ 350. టైమింగ్ కవరు (ఇంజిన్ కుడిపక్క మూత) కింద కాస్త తడి కనిపిస్తోంది, ప్యాకింగ్ (మూత సందులో పెట్టే కాగితం) మార్చు, అంతకంటే ముందు బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) చూడు అని నొక్కి నొక్కి చెప్పి ఇచ్చాను. సాయంత్రం వెళ్లి చూద్దును కదా, కవరు చుట్టూ బూడిద రంగు గమ్ము, గోడకి సిమెంటు మెత్తినట్టు మెత్తి ఉంది. కవరు అంచున కొత్తగా గాట్లు. అంటే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి సుత్తితో కొట్టి ఊడదీశాడన్నమాట. ఇదేంటయ్యా అని మెకానిక్‌ని అడిగితే, "ఆయ్, బుల్లెట్ అన్నాక ఆయిల్ కారుద్దండి గురువుగారూ. కారట్లేదంటే లోపల ఆయిల్ లేనట్టే!" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా పకపకా నవ్వారు. మరి బ్రీదర్ చూశావా అంటే, "అదేం చేస్తదండి, ఉత్త రబ్బరు ముక్క" అన్నాడు.

ఆ ఉత్త రబ్బరు ముక్క గురించే నా గొడవంతా. 350 బుల్లెట్‌లో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ 346 సీసీల గాలిని క్రాంక్ కేసులోకి, అంటే కింద క్రాంకు తిరిగే గదిలోకి, తోస్తుంది. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే సెకనుకి 50 సార్లు. ఆ గాలి బ్రీదర్ గుండా బయటికి పోవాలి, పిస్టన్ పైకి లేచినప్పుడు తిరిగి లోపలికి రాకూడదు. డక్‌బిల్ అనే ఆ రబ్బరు వాల్వు చేసే పని అదే. ఏళ్ల తరబడి వేడికి అది బిరుసెక్కి మూసుకుపోయిందో, చీలిపోయిందో, లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. ఇక ప్యాకింగ్ సందులోంచి, ఆయిల్ సీల్ పక్కనుంచి, ఎక్కడ వీలుంటే అక్కడ ఆయిల్‌ని బయటికి నెడుతుంది. అప్పుడు ఎన్ని ట్యూబుల గమ్ము పూసినా ఒకచోట ఆగి ఇంకోచోట కారుతుంది. పిస్టన్ రింగులు అరిగిపోయిన బండైతే మండిన గ్యాసు కూడా కిందికి దిగి దానికి తోడవుతుంది. ఇంత పని చేసే వాల్వు ఖరీదు టిఫిను ఖర్చంత ఉండదు. దాన్ని వదిలేసి ఇంజిన్ దించాలి, సిలిండర్ బోర్ చేయించాలి అని వేలకి వేలు చెప్పేవాళ్లని ఏమనాలి?

మా పెదబావగారిది ఇంకో రకం. ఆయన బండి నెలల తరబడి ఇంటి షెడ్డులోనే ఉంటుంది. పండక్కి బయటికి తీసి, డిప్‌స్టిక్ లాగి, అయ్యో ఆయిల్ తగ్గిపోయిందే అని పైదాకా పోసేస్తారు. నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి బ్రీదర్ పైపులోంచి కక్కేస్తుంది, వెనక చక్రం తడిసిపోతుంది. అసలు ఆయిల్ ఎక్కడికీ పోలేదండీ! ఆ ఇంజిన్‌లో ఆయిల్ ఉండే గది వేరు, క్రాంకు తిరిగే గది వేరు. బండి కదలకుండా నిలబడిపోతే పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు వైపు దిగిపోతుంది. స్టార్ట్ చేస్తే పంపు మళ్లీ దాని గదికి చేరుస్తుంది. అందుకే కాసేపు నడిపి, ఆపి, అప్పుడు చూసుకోవాలి. "బావగారూ, ముందు కిక్కు కొట్టి కాసేపు తిప్పండి" అని ఎన్ని పండగలకి చెప్పినా, "నువ్వు నిన్నటి పిల్లాడివి, నాకు చెప్తావా" అంటారు. ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఆ ఇంటి గచ్చు మీదున్న మరకలకి బండిని తిడతారు చూడండి, అది మాత్రం నేను ఒప్పుకోను.

కారడం ఎక్కడి నుంచో పట్టుకునే ఓపిక కూడా ఎవరికీ లేదు. కిరసనాయిలుతో ఇంజిన్ కడిగి, ఆరబెట్టి, మొహానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి కాలవ గట్టు మీద అలా ఒక చుట్టు తిరిగిరండి. తెల్లటి పౌడరులో నల్లటి గీత ఎక్కడ మొదలైందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. గాలికి ఆయిల్ వెనక్కి, కిందికి పాకుతుంది కాబట్టి కింద చుక్క పడినచోటే తప్పు ఉండదు. ఇంజిన్ పైభాగంలో వాల్వుల్ని కదిపే రాకర్లకి ఆయిల్ తీసుకెళ్లే పైపు దగ్గర రాగి వాషరు గట్టిపడిపోయి ఉంటుంది, కారేది అక్కడ, తిట్లు తినేది కింద ఉన్న ప్యాకింగ్. ఆ వాషర్ని స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడి మళ్లీ కూర్చుంటుంది. మా నాన్నగారు అమ్మ వంటయ్యాక పొయ్యి దగ్గర కూర్చుని చేసేవారు, పట్టకారుతో పట్టుకుని, ఎర్రబడగానే గ్లాసులో వేస్తే చుయ్యిమనేది. క్లచ్ వైపు చైన్ కవరుకి మధ్యలో ఒక్కటే నట్టు. దాన్ని బలంకొద్దీ బిగిస్తే కవరు వంకర పోయి, కారనిది కూడా కారుతుంది.

గమ్ము దగ్గరికి మళ్లీ వస్తున్నాను, ఎందుకంటే భయం వేస్తోంది. ఆయిల్ పంపులున్నది ఆ టైమింగ్ కవరులోనే. అక్కడి నుంచి క్రాంకు లోపలికి, పిస్టన్ కడ్డీ కింద క్రాంకుని పట్టుకునే చోటైన బిగ్ ఎండ్‌కి ఆయిల్ వెళ్లే దారి చాలా సన్నం. బయటికి ఇంత పొంగిందంటే లోపలికీ అంతే పొంగి ఉంటుంది కదా. ఆ ముక్క ఊడి దారికి అడ్డం పడితే బిగ్ ఎండ్ పట్టేస్తుంది. నాలుగు చుక్కలు ఆపబోయి ఇంజిన్‌నే పోగొట్టుకోవడం అంటే ఇదే. ఇంకో మహానుభావుడు చిక్కటి 90 గేరాయిల్ కలపమని సలహా ఇచ్చాడు. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో ఆ జిగురు రాకర్ల దాకా ఎప్పటికి చేరాలి? 20డబ్ల్యు-50 ఇంజిన్ ఆయిల్ పోయండి, లెవెల్ దాటనీయకండి, చాలు.

1950ల నుంచి మద్రాసులో తయారైన మోడల్ ఇది. నరసాపురంలో గోదావరి దాటే పంటు ఎక్కించి, సఖినేటిపల్లిలో దింపి, రాజోలు దాకా మా నాన్నగారు ఏళ్లపాటు ఉద్యోగానికి తిరిగారు. పంటు చెక్కల మీద చుక్క పడితే సరంగు ఊరుకునేవాడు కాదు. కారడం దాని పుట్టుక గుణమైతే మరి అప్పుడెందుకు కారలేదు?

ఇవాళ ఆ షెడ్డులో నాకు అసలు కడుపు మండింది మాత్రం ఇంకోటి చూసి. నా బండిలోంచి దింపిన మడ్డి ఆయిల్‌ని అక్కడ పనిచేసే కుర్రాడు రేకు డబ్బాతో పట్టుకెళ్లి వెనకాల కాలవలోకి వంపేశాడు. నా కళ్లముందే. ఇది ఇవాళ్టి సంగతి కాదు, గట్టు మీదున్న షెడ్లలో ఏళ్లుగా చూస్తున్నాను. అడిగితే, "అందరూ పోసేదేగా అండి" అంటారు. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఊరి చెరువు నింపుకుని, ఆ నీళ్లే తాగే ప్రాంతం మనది. ఆ నీళ్లే చేలకి, ఆ నీళ్లే చేపల చెరువులకి. నీటి మీద ఆ రంగురంగుల పొర కట్టిందంటే కిందికి గాలి ఆడదు. రొయ్యల చెరువులో గాలి తగ్గితే ఏమవుతుందో రాత్రుళ్లు ఏరియేటర్లు తిప్పుకునే రైతుని అడగండి. సెంట్రింగ్ రేకులకి పూయడానికి ఇదే మడ్డి ఆయిల్‌ని మేస్త్రీలు డబ్బులిచ్చి కొనుక్కుంటారు. డ్రమ్ములో పట్టి ఉంచితే అమ్ముడుపోయే సరుకుని కాలవపాలు చేస్తున్నారు. పంచాయతీలో చెబితే విన్నారు, తలూపారు, అంతే. ఇవాళ నా సొంత బండి ఆయిల్ ఆ నీళ్లలో కలిసిందంటే నాకు తట్టుకోవడం కష్టంగా ఉంది.

ఆ షెడ్డుకి నా బండి ఇక వెళ్లదు. ఆదివారం కవరు నేనే విప్పుతున్నాను. గమ్మంతా గీకేసి, మందపాటి అద్దం మీద ఎమ్రీ పేపరు పరిచి కవరు ముఖం చదును చేస్తాను. పాత ఆయిల్ మూత ఉన్న క్యాన్‌లో పడతాను, సెంట్రింగ్ పని చేసేవాళ్లెవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను. ప్యాకింగ్ కాగితం సరైన మందంలో భీమవరంలో గానీ తణుకులో గానీ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు శనివారం లోపు చెప్పండి. డక్‌బిల్ ఒకటి నా దగ్గర అదనంగా ఉంది, పెదబావగారికి కాకుండా ఇంకెవరికైనా కావాలన్నా అడగండి, ఆయనకి ఇంకోటి తెప్పిస్తాను.