ఆశ లేదంటూనే ఆశను అమ్మే ఫార్వర్డ్

ఆటిజం (మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల పిల్లల మాట, నలుగురితో మెలిగే తీరు వేరుగా ఉండే స్థితి) గురించి ఒక వాట్సాప్ ఫార్వర్డ్ మా చుట్టాల గ్రూపుల్లో తిరిగి తిరిగి వస్తోంది. సారాంశం ఇది: తల్లి ఫోన్ అలవాటు చేయడం వల్లే ఆటిజం వస్తుంది, నాలుగేళ్లకు మాట రాకపోతే ఇక రాదు, ఆ పిల్లలకు ప్రేమ తెలియదు, ఆ ఇంట్లో సంతోషం ఉండదు, మూలకణ చికిత్స(స్టెమ్ సెల్ థెరపీ)తో మాత్రం పూర్తిగా నయమవుతుంది. ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబుకు అమ్మను నేను. పంపేవాళ్లు మా మీద ప్రేమతోనే పంపుతున్నారు కాబట్టి ఓపిగ్గా జవాబు రాస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి ఆటిజాన్ని వివరించింది 1943లో. వాళ్లకు ఏ తల్లి యూట్యూబ్ పెట్టి అన్నం తినిపించింది? 1977లో బ్రిటన్‌లో 21 కవల జంటలను పరిశీలిస్తే, ఇద్దరికీ ఆటిజం ఉన్న జంటలన్నీ ఒకే అండం నుంచి పుట్టినవే. అలాంటి కవలల జన్యువులు ఒకేలా ఉంటాయి. అంటే జన్యువుల పాత్ర పెద్దదే. పసిపిల్లలకు ఫోన్ తగ్గించమంటే సరే, ఏ పిల్లలకైనా అది మంచిదే.

మాట విషయానికొస్తే, అమెరికాలో 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో నాలుగేళ్లకు మాట బాగా వెనకబడిన 535 మంది ఆటిజం పిల్లలను చూశారు. ఎనిమిదేళ్లు, ఆపైకి వచ్చేసరికి 70 శాతం మందికి చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడుతున్నారు. అందరికీ రాలేదు, అదీ నిజమే. రానివాళ్లకు మనసులో మాట చెప్పుకోవడానికి బొమ్మల కార్డులు, ట్యాబ్‌లు ఉన్నాయి.

ఇక ప్రేమ తెలియదట! ఈ మాటకు నాకు కోపం కన్నా నవ్వే ఎక్కువ వస్తుంది. మావాడు నన్ను "అమ్మా" అని పిలవడు. వాడికి నేను కావాలనిపిస్తే రైల్వే స్టేషన్‌లో మైకులా "దయచేసి వినండి" అంటాడు. ఆ అనౌన్స్‌మెంట్ నా ఒక్కదానికే. వాళ్ల నాన్నకు లేదు, అందుకాయనకు కాస్త కుళ్లు కూడా. ఎక్కడో విన్న మాటను ఇలా తిరిగి వాడటాన్ని ఎకోలాలియా అంటారు. చాలామంది ఆటిజం పిల్లలు మాటల్లోకి వచ్చేది ఆ దారినే. స్టీలు గ్లాసులన్నీ పెద్దదాని పక్కన చిన్నది చొప్పున వరస పేర్చి, ఆఖరిది నా చేతికిస్తాడు. అది నేనే పెట్టాలి. పెట్టగానే రెండు చేతులూ ఆడిస్తూ గెంతుతాడు. ఆటిజం పిల్లలు కూడా కొత్తవాళ్ల కన్నా అమ్మనే వెతుక్కుంటారని పరిశోధకులు 1980ల్లోనే చూశారు. మాకు కష్టాలు లేవని కాదు. మిక్సీ తిరిగితే చెవులు మూసుకుని ఏడుస్తాడు. పెళ్లిలో మేళం మొదలైందంటే మేం బయటికి పరుగు. నిద్రలేని రాత్రులు సరేసరి. అయినా మా ఇంట్లో నవ్వులకు కరువు లేదు.

కిటుకంతా చివరి పాయింటులోనే ఉంది. దిక్కులేదని ముందు భయపెట్టి, కిందనే క్లినిక్ నంబరు ఇచ్చారు. ఆటిజానికి మూలకణ చికిత్స పనిచేస్తుందని రుజువు కాలేదు; అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప ఇలాంటి జబ్బులకు వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ నంబరుకు ఫోన్ చేసేవాళ్లు పొలం అమ్మే ముందు జిల్లాలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ సత్వర చికిత్స కేంద్రానికో (డీఈఐసీ), మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థకో (ఎన్ఐఈపీఐడీ) ఒకసారి వెళ్లి రండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, వైకల్య సర్టిఫికెట్ కూడా తీసుకోండి.