మోటరు ఆపాలంటే రోబో కాకూడదు

మా బావమరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. హన్మకొండ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒకటి సులభం చేసి పోతాడు. ఈసారి బోరు మోటరు వంతు. "పచ్చ బటన్, ఎర్ర బటన్, మాటిమాటికి లేచుడు, ఇదేం గోస బావా? అంతా సింపుల్‌గ ఉండాలె" అంటూ పాత స్టార్టర్ విప్పేసి, వైఫై స్విచ్ బిగించి, నా ఫోన్లో యాప్ ఎక్కించాడు. విప్పుతూ ఒక కథ కూడా చెప్పాడు. అమెరికాలో కెల్లీ జాన్సన్ అని విమానాల ఇంజనీరు ఉండేవాడట. తన డిజైనర్లకు కొన్ని పనిముట్లు ఇచ్చి, యుద్ధరంగంలో మామూలు మెకానిక్ వీటితోనే బాగు చేసుకోగలగాలి, అలాంటి జెట్ విమానం గీయండి అన్నాడట. కథ నాకూ నచ్చింది.

నిన్న ట్యాంకు నిండి, నీళ్లు పక్కింటి పెద్దమ్మ డాబా మీదికి దారి పట్టాయి. అక్కడ ఏడాదికి సరిపడా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అవీ చపాటా కాయలు. వరంగల్ చపాటాకు 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. అంటే నేను తడుపుతున్నది ఉత్త మిరపకాయల్ని కాదు, భౌగోళిక గుర్తింపు గల మిరపకాయల్ని.

యాప్ తెరిస్తే మళ్లీ లాగిన్ కమ్మంది. పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? కొత్తది కావాలంటే ముందు రోబోను కానని నిరూపించుకోవాలట. గడులు గడులుగా ఒక ఫొటో. ట్రాఫిక్ సిగ్నల్ ఉన్నవన్నీ నొక్కాలి. లైట్లున్న గడులు నొక్కాను. కింది గడిలో స్తంభం ఉంది. స్తంభం సిగ్నల్ కిందికి వస్తుందా, రాదా? మా చౌరస్తాలో లైటునే ఎవరూ లెక్కచేయరు, ఇక స్తంభాన్ని అడిగేదెవరు? అయినా వేయి స్తంభాల గుడి ఉన్న ఊరివాణ్ని, స్తంభాన్ని వదిలేయడానికి మనసొప్పలేదు. నొక్కాను. తప్పట. ఈసారి మోటరు సైకిళ్లు చూపించమంది. నేను ఆపాల్సింది మోటరు, అది అడిగేది మోటరు సైకిళ్లు! ఒక గడి మూలన అద్దం ముక్క కనిపిస్తోంది. బండిదా, ఆటోదా?

"ఓ బిడ్డా, కాయలు తేల్తున్నయ్! ఆ ఫోన్ల ఏం జూస్తున్నవ్?"

"మోటరు బంద్ చేస్తున్న పెద్దమ్మా!"

"ఫోన్ల మోటరుంటదా?"

మెయిన్ కింది పోర్షన్‌లో ఉంది. వాళ్లు తాళం వేసి మేడారం పోయారు.

అంతలో కరెంటు పోయింది. కరెంటు పోయినందుకు దండం పెట్టడం నా జన్మలో అదే మొదలు. అయితే కరెంటు రాగానే మోటరు మళ్లీ ఎత్తుకుంది. పోయే ముందు ఆన్‌లో ఉంటే, వచ్చాక కూడా ఆన్‌లోనే ఉండాలని ఆ స్విచ్చుకు సెట్టింగట. నా పాస్‌వర్డ్ గుర్తులేదు గానీ, దాని సంగతి దానికి బాగా గుర్తుంది.

చివరికి ఎలక్ట్రీషియన్ టెస్టరు, కటింగ్ ప్లేయరుతో వచ్చి దాన్ని పీకేసి, ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ వేలాడదీశాడు. నీళ్లు పైకొస్తే అదే తేలి, తిరగబడి, కరెంటు తెంపేస్తుంది. స్తంభాల గురించి అడగదు.

కాయలు ఇప్పుడు మా డాబా మీద ఆరుతున్నాయి. కోతులు రాకుండా కర్ర పట్టుకొని కూర్చోమని పెద్దమ్మ ఆర్డరు. ఇందాకే బావమరిది ఫోన్ చేశాడు. కోతుల్ని పసిగట్టే కెమెరా ఒకటి ఉందట, డాబా మీద వైఫై అందుతుందా అని అడుగుతున్నాడు.