ఫ్లెక్సీలో ఊరుంది, కోర్సు లేదు

మా విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టారు. కట్టింది విదేశీ చదువుల కన్సల్టెన్సీ వాళ్లు. పేరు చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు, మీ ఊళ్లో ఉన్నదానికీ దీనికీ పేరులో ఒక అక్షరం తేడా ఉంటుందేమో, అంతే. "వీసా సాధించిన మా విద్యార్థులకు శుభాకాంక్షలు" అని పైన ఎర్రక్షరాలు, కింద వరసగా పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఫొటో కింద పేరు, పేరు కింద దేశం, దేశం కింద ఊరు. డాలస్, షికాగో, మాంచెస్టర్, మెల్‌బోర్న్. ఒక పక్క లిబర్టీ విగ్రహం, ఇంకో పక్క ఐఫిల్ టవర్. ఫ్రాన్స్‌కి ఒక్కడు కూడా వెళ్లడం లేదు, కానీ ఐఫిల్ టవర్ వెయ్యకపోతే విదేశం అనిపించదని ప్రింటింగ్ అతను అనుకున్నట్టున్నాడు. కుడి మూలన ఒక నాయకుడు గారు దణ్ణం పెడుతున్నారు. ఆయనకీ ఈ వీసాలకీ సంబంధం ఏమిటని అడక్కండి, మా జిల్లాలో ఎవరో ఒకరి దణ్ణం లేకుండా ఫ్లెక్సీ గాలికి నిలబడదు.

రాజాం బస్సు ఆలస్యమైంది కాబట్టి ప్రతి ఫొటో, ప్రతి పేరు తీరిగ్గా చదివాను. అన్నీ ఉన్నాయి. ఈ పిల్లలు వెళ్లి ఏం చదువుతారో ఆ ఒక్కటీ లేదు. ఒక్కడి పేరు కింద కూడా లేదు. వీళ్లు వెళ్తున్నది చదువుకోడానికేనని చెప్పాలంటే "విద్యార్థులకు" అన్న ఒక్క మాటే ఆధారం.

ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేశాను.

"మీ ఫ్లెక్సీలో మూడో వరసలో కళ్లజోడు అబ్బాయి ఉన్నాడు, అతను ఏం చదవడానికి వెళ్తున్నాడమ్మా?"

"యూఎస్ సార్."

"అదే, యూఎస్‌లో ఏం చదువుతాడు?"

"టెక్సాస్ సార్."

"టెక్సాస్‌లో?"

"మాస్టర్స్ సార్."

"ఎందులో మాస్టర్స్ అమ్మా?"

కాసేపు ఫోన్లో ఫ్యాను శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఆ అమ్మాయి చాలా మర్యాదగా, "మీ అబ్బాయికా సార్? స్ప్రింగ్ ఇన్‌టేక్‌కి ఇంకా సీట్లున్నాయి" అంది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. నెలకి ఇన్ని అడ్మిషన్లని టార్గెట్ ఉంటుంది, ఆ లెక్కలో కోర్సుకి గడి ఉండదు.

అందుకని ప్రజాప్రయోజనం దృష్ట్యా ఒక సూచన చేస్తున్నాను, సంబంధిత అధికారులు పరిశీలించాలి. ఇకనుంచి ప్రతి వీసా ఫ్లెక్సీ మీదా, ఫొటో కింద, ఊరి పేరు ఎంత సైజులో ఉంటే అంతే సైజులో, ఈ వివరాలు ప్రింట్ చెయ్యాలి: కోర్సు పేరు, లోన్ ఎంత, వడ్డీ ఎంత, తనఖా పెట్టింది ఇల్లా పొలమా, పొలమైతే సర్వే నంబర్. కన్సల్టెన్సీకి యూనివర్సిటీ నుంచి ముట్టే కమీషన్ కూడా వెయ్యాలి, నాయకుడు గారి దణ్ణం పక్కన బోలెడు చోటుంది.

ఇక మా ఇంటి సంగతి. మా అన్నయ్య కొడుకు సివిల్‌లో బీటెక్ పూర్తి చేశాడు. ఏ దేశం, ఏ ఊరు అన్నది తేల్చడానికి ఆదివారం పొద్దున్న కంటోన్మెంట్‌లో అన్నయ్య ఇంటి వరండాలో కమిటీ కూర్చుంది. అధ్యక్ష స్థానంలో మా పెదనాన్న, జీవితంలో ఆయన వెళ్లిన అతి దూరపు ఊరు కాశీ. సాంకేతిక సలహాదారుగా పిల్లాడి మేనమామ, ఈయన కొడుకు డాలస్‌లో ఉన్నాడు కాబట్టి అమెరికా రాజ్యాంగంతో సహా సమస్తం ఈయనకి తెలుసు. దిక్కుల విభాగం పంతులుగారిది. డబ్బు పెట్టే అన్నయ్యకి మాట్లాడే హక్కు లేదు. పిల్లాడు మూల కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

ముందుగా కెనడా కొట్టేశారు. అక్కడ 2024 నుంచి విదేశీ విద్యార్థుల పర్మిట్ల మీద పరిమితి పెట్టారని కాదు, అది ఎవరికీ తెలీదు. "వీడు లంబసింగి వెళ్తేనే వారం తుమ్మేడు, ఆ సలికి ఆగుతాడేటి?" అని పెదనాన్న అనేసరికి ఒక దేశం దేశమే పోయింది. ఆస్ట్రేలియాలో పాములెక్కువట. ఏటా నాగుల చవితికి పుట్ట వెతుక్కుంటూ వెళ్లి మరీ పాలు పోసే కుటుంబం మాది. ఐర్లాండ్ అంటే అది లండన్‌లో ఒక పేటే కదా అని ఒక అభిప్రాయం వచ్చింది, ఎవరూ ఖండించలేదు.

ఇంగ్లండ్ మీద కాస్త సేపు ఆశ ఉండింది, ఏడాదిలో మాస్టర్స్ అయిపోతుంది కాబట్టి. పెళ్లి చేసి ఇద్దర్నీ పంపిద్దామని వదిన ఆలోచన. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లడానికి లేదని నేను చెప్పాను. వదిన మొహం మాడ్చుకుని, "అలాగైతే సదువెందుకు?" అంది. ఆ ప్రశ్నలో ఉన్న నిజాయితీ ఆ ఫ్లెక్సీ మొత్తం మీద లేదు.

జర్మనీ మాట ఎత్తింది నేనే. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్‌కి చిన్న మొత్తమేదో కడితే చాలు. అయితే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి, అది మన డబ్బే, నెలకి 992 యూరోల చొప్పున తిరిగి మనమే తీసుకుంటాం, మన సర్టిఫికెట్లు అసలువేనని ఏపీఎస్ అనే సంస్థ చేత పరిశీలన కూడా చేయించాలి, తర్వాత అక్కడ ఉద్యోగం కావాలంటే జర్మన్ నేర్చుకోక తప్పదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విన్నాక మేనమామ గారు కుర్చీ ముందుకి జరుపుకుని అడిగిన ప్రశ్న, "ఫీజు తీసుకోని కాలేజీలో సదువేం చెప్తారండీ?" కమిటీ మొత్తం తలూపింది. అన్నయ్య కూడా తలూపాడు, కట్టాల్సింది ఆయనే అయినా. ఇరవై, ముప్పై లక్షలు తీసుకునేవాడు ఊరికే తీసుకుంటాడా అన్నది మావాళ్ల తర్కం. ఊరికే తీసుకునేవాళ్లని ఇంతమందిని చూశాక కూడా.

పంతులుగారు జాతకం చూసి పడమర దిక్కు కలిసొస్తుంది అన్నారు. భూమి గుండ్రం కదండీ, తూర్పు నుంచి పసిఫిక్ దాటుకుని వెళ్లినా అమెరికా వస్తుంది, మరి అది ఏ దిక్కవుతుంది అని అడిగాను. ఆయన కొంచెం ఆలోచించి, టికెట్ ఎటునుంచి తీస్తే అదే దిక్కు అన్నారు. ఆ రోజు మొత్తమ్మీద నాకు నచ్చిన జవాబు అదొక్కటే.

చివరికి డాలస్ ఖాయమైంది. గమనించండి, యూనివర్సిటీ కాదు, డాలస్. కారణాలు: మేనమామ కొడుకున్నాడు, గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెడతారు, మనోళ్లు చాలామంది ఉన్నారు. సంబంధాలు వెతికేటప్పుడు కూడా డాలస్ అంటే మ్యాపు చూపించక్కర్లేదు, ఇది వదిన పాయింటు. ఆ ఊరి చుట్టుపక్కల ఏదో ఒక కాలేజీ కన్సల్టెన్సీ వాళ్లే చూస్తారు, ఆ కాలేజీలో ఏదో ఒక కోర్సు ఆ కాలేజీ వాళ్లు చూస్తారు. మనోళ్ల మధ్యే ఉండి, మన గోంగూరే తిని, మన ముగ్గులే చూడ్డానికైతే కంటోన్మెంట్ సరిపోతుంది, ఇక్కడ అద్దె కూడా తక్కువ. ఈ మాట పైకి అంటే కమిటీలో నా సభ్యత్వం పోతుందని అనలేదు.

వారం తిరక్కుండా ఐ-20, అంటే వీసాకి చూపించాల్సిన అమెరికా కాలేజీ పత్రం, వస్తుందన్నారు. ఏ కోర్సు అంటే బిజినెస్ అనలిటిక్స్. సివిల్ చదివినవాడికి అదేమిటి అంటే, "ఇప్పుడంతా డేటానే సార్" అట. సరే, డేటానే. అమెరికాలో చదివాక పని చేసుకోడానికి ఓపీటీ అనే అనుమతి 12 నెలలు ఇస్తారు, కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు కలుస్తాయి. అనలిటిక్స్, మేనేజ్‌మెంట్ లాంటి పేర్లున్న కోర్సు ఒక యూనివర్సిటీలో ఆ జాబితాలో ఉంటుంది, పక్క యూనివర్సిటీలో ఉండదు, అంతా ఆ కోర్సుకి వేసిన కోడ్ మీద ఉంటుంది. అంటే లోన్ తీర్చుకోడానికి చేతిలో ఏడాది ఉంటుందా మూడేళ్లుంటాయా అన్నది కోర్సుని బట్టి తేలుతుంది. మా కమిటీలో, ఆ కన్సల్టెన్సీలో, ఆ ఫ్లెక్సీలో ఎవరికీ పట్టనిది సరిగ్గా ఆ కోర్సే.

ఈ పిల్లాడి గురించి ఒక మాట చెప్పాలి. ఫైనలియర్‌లో వీడి ప్రాజెక్టు తోటపల్లి కాలువల మీద. మిగతావాళ్లంతా ప్రాజెక్టులు కొనుక్కుంటే వీడు నాగావళి గట్టున ఎండలో తిరిగి, కాలువ చివరి ఊళ్లకి నీళ్లు ఎందుకు అందవో నాకు కాగితం మీద గీసి చూపించాడు. భోజనం చల్లారిపోతోందని వదిన అరుస్తున్నా ఆపలేదు. వాణ్ణి తీసుకెళ్లి బిజినెస్ అనలిటిక్స్‌లో పడేస్తున్నారు. ఎందుకంటే కన్సల్టెన్సీకి ఆ కాలేజీ కమీషన్ ఇస్తుంది కాబట్టి. వీళ్లు తమ దగ్గర ఉచిత కౌన్సెలింగ్ అని బోర్డు పెట్టుకుంటారు చూశారా, అది ఉచితం ఎలా అయిందని ఎవడైనా అడిగాడా? మీ అబ్బాయి కట్టే మొదటి ఏడాది ఫీజులోంచి వాటా వెళ్తుంది వాళ్లకి. వాటా ఇవ్వని యూనివర్సిటీ ఎంత మంచిదైనా వాళ్ల బ్రోచర్‌లో కనపడదు. జర్మనీలో స్టట్‌గార్ట్ యూనివర్సిటీలో అచ్చంగా నీటి వనరుల ఇంజినీరింగ్ మీదే ఇంగ్లిష్‌లో మాస్టర్స్ ఉంది. ఆ రాష్ట్రంలో మనలాంటి బయటి దేశాల వాళ్లకి ఫీజు తీసుకుంటారు, ఎంతో తెలుసా, సెమిస్టర్‌కి 1,500 యూరోలు. ఆ పేజీ తీసి మావాడికి చూపిస్తే చాలాసేపు చదివాడు. "ఇలాంటి కోర్సు కూడా ఉందా బాబాయ్" అన్నాడు. తర్వాత ఫోన్ నా చేతికిచ్చేసి, "కానీ అక్కడ మనోళ్లు ఎవరూ లేరు కదా" అన్నాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు! వాడిది కాదు ఆ మాట, వరండాలోంచి వచ్చిన మాట.

ఇంకా ఒళ్లు మండేది వాళ్ల సెమినార్ చూశాక. ఫంక్షన్ హాల్లో ఏసీ వేసి, సమోసా, టీ ఇచ్చి, టై కట్టుకున్న ఒకతను మైకులో చెప్తున్నాడు, "పార్ట్‌టైమ్ చేసుకుంటే ఖర్చులెళ్లిపోతాయి అంకుల్, లోన్ కూడా తీరిపోద్ది." ముందు వరసలో నెల్లిమర్ల జ్యూట్ మిల్లులో పనిచేసి బయటికొచ్చిన పెద్దాయన ఒకరు ఆ మాటని చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు. రాసుకోండి, లెక్క కూడా రాసుకోండి. అమెరికాలో స్టూడెంట్ వీసా మీద మొదటి ఏడాది క్యాంపస్ లోపలే పని చెయ్యాలి, క్లాసులున్న రోజుల్లో వారానికి 20 గంటలకి మించకూడదు. టెక్సాస్‌లో కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, 2009 నుంచి అదే. వారమంతా చేస్తే 145 డాలర్లు. అది కూడా క్యాంపస్‌లో పని దొరికితే. అందులో అద్దె, తిండి, ఫోన్, బస్సు, ఆ తర్వాత మీ లోన్. చదువుతున్నన్నాళ్లూ వడ్డీ మాత్రం ఆగదు. చాలక బయట పెట్రోల్ బంకులో దొంగచాటుగా చేసి దొరికిపోతే వీసా పోతుంది, ఆ రోజు ఈ టై కట్టుకున్న పెద్దమనిషి ఫోన్ ఎత్తడు. ఒక కార్మికుడి ముందు నిలబడి ఇంత పచ్చి అబద్ధం మైకులో చెప్పడానికి సిగ్గుండాలి. నేను లేచి ఈ లెక్క అడిగితే, "నెగెటివ్‌గా ఆలోచించకండి సార్, మేం చూసుకుంటాం" అన్నాడు.

వాళ్లు చూసుకుంటే ఎలా ఉంటుందో మనకి కొత్తా? 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ మీద అధికారుల దాడి జరిగితే బయటపడ్డది ఏమిటంటే, సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో రాశారు. అందులో మన తెలుగు పిల్లలే ఎక్కువ, కొందరి కాళ్లకి ట్రాకింగ్ పరికరాలు కట్టారు. ఆ యూనివర్సిటీ పెట్టినావిడకి 2014లో 16 ఏళ్ల పైన జైలు పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దాన్ని పెట్టింది సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వం, ఉచ్చు వెయ్యడానికి. క్లాసుల్లేవు, లెక్చరర్లు లేరు, వెబ్‌సైట్ మాత్రం ఉంది. ప్రభుత్వం ఆమోదించిన కాలేజీల జాబితాలో కూడా పేరు పెట్టి మరీ పిల్లల్ని పట్టుకున్నారు, అదేం న్యాయమో వాళ్లకే తెలియాలి. వందమందికి పైగా అరెస్టు, వాళ్లలోనూ ఎక్కువమంది మనవాళ్లే. తలకి ఇంత అని తీసుకుని పిల్లల్ని అందులో చేర్పించిన మధ్యవర్తులు ఎనిమిదిమంది, నేరం ఒప్పుకున్నారు, వాళ్లూ మనోళ్లే. "అక్కడ మనోళ్లున్నారా" అని అడిగారు కదా, ఉన్నారు.

మావాడి డిపాజిట్ కట్టడానికి కన్సల్టెన్సీ శుక్రవారం దాకా గడువిచ్చింది. స్టట్‌గార్ట్ కాగితం ప్రింట్ తీసి అన్నయ్య చేతికిచ్చాను, చదువుతానని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కమిటీ మళ్లీ ఆదివారం కూర్చుంటుంది. ఎజెండాలో ఒకటే అంశం: 23 కేజీల సూట్‌కేసులో పెట్టే కుక్కర్ మూడు లీటర్లదా, అయిదు లీటర్లదా. దీని మీద ఇప్పటికే రెండు వర్గాలయ్యాయి, మేనమామ గారు అయిదు లీటర్ల పక్షం.