పక్షులకు క్రమశిక్షణ లేదు

పర్యావరణ నివేదికలు రాసే కన్సల్టెంట్లను ఆడిపోసుకోవడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది. గని తవ్వాలన్నా, పెద్ద ఫ్యాక్టరీ కట్టాలన్నా ముందు అక్కడ ఏయే జీవాలున్నాయో, ఏయే పాత కట్టడాలున్నాయో చూసి నివేదిక ఇమ్మంటుంది 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్. ఆ పనికి కన్సల్టెంటును ఎంచుకునేదీ, ఫీజు కట్టేదీ ప్రాజెక్టు యజమానే. దీన్నేదో కుంభకోణంలా చెబుతారు. పెళ్లికొడుకు గుణగణాల వాకబు పెళ్లికొడుకు డబ్బులతోనే జరిగిపోతే ఆడపిల్లవాళ్లకు ఎంత ఖర్చు కలిసొస్తుందో ఎవరూ ఆలోచించరు.

నా పరిశీలనలో తేలిందేమిటంటే, లోపం కన్సల్టెంట్లలో లేదు, జీవరాశిలోనే ఉంది. వాటికి బొత్తిగా క్రమశిక్షణ లేదు.

చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాకుండా ఏదో ఒక సీజన్‌లో వివరాలు సేకరిస్తే సరిపోతుంది. ఇంత స్పష్టంగా రాసిపెట్టినా కప్పలు వానాకాలంలోనే అరుస్తాయి. ఆరుద్ర పురుగులైతే తొలకరి పడితేగానీ బయటికి రావు. మార్చి నెల మిట్టమధ్యాహ్నం నిపుణుడు ఏసీ కారు దిగి అటూ ఇటూ చూస్తాడు. ఎదురుగా ఎండిన గడ్డి, రెండు తుమ్మచెట్లు, ఓ మేక. మేక మాత్రం విధిగా హాజరవుతుంది, అందుకే నివేదికలో దానికి చోటు గ్యారంటీ. మిగతావాటి గురించి ‘షెడ్యూల్-1 జీవులేవీ’, అంటే వన్యప్రాణి చట్టం అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చిన జాబితాలోనివేవీ, ‘మా కంటపడలేదు’ అని రాస్తారు. నిజంగానే పడలేదు మరి.

అన్నిటికంటే మొండిది కలివికోడి. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయుడు దీన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోయేసరికి అంతరించిపోయిందనుకున్నారు. పెద్దల నిర్ణయాన్ని గౌరవించి అలాగే ఉండిపోవచ్చు కదా! 1986లో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర మళ్లీ ప్రత్యక్షమైంది. అదీ ఆఫీసు టైములో కాదు, రాత్రిపూట. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దానికోసం తిరుగుతుంటే, స్థానికుడొకాయన చీకట్లో పట్టుకుంటేగానీ దొరకలేదు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీల్లా పరిచి, తెల్లారాక వాటిమీద కాలిముద్రలు వెతికారు. కెమెరాలు బిగించారు. దాని కూతను రికార్డు చేసి, పొద్దుగూకాక వినిపిస్తూ, తిరుగు కూత కోసం చెవులు రిక్కించుకుని కూచున్నారు. ఒక పక్షికి ఇన్ని మర్యాదలా? కన్సల్టెంటు గారికి హోటల్ చెకవుట్ పన్నెండింటికి, తిరుగు రైలు సాయంత్రానికి. కలివికోడి నిద్రలేచే వేళకు ఆయన అప్పర్ బెర్త్ ఎక్కేసి ఉంటాడు.

పోనీ దట్టమైన అడవిలో ఉంటుందా అంటే అదీ లేదు. ఎవరు చూసినా బంజరనుకునే ముళ్లపొదల్లో ఉంటుంది. ఇంతా చేసి, దాని మూలంగా తెలుగుగంగ కాలువ దారి మార్చుకోవాల్సి వచ్చింది. చూశారా, ఎంత ప్రమాదకరమైన పక్షో!

నెమలిది ఇంకో రకం సమస్య. షెడ్యూల్-1లో ఉండి కూడా ఇది దాక్కోదు. సర్వే జరుగుతుండగానే గట్టెక్కి అరుస్తుంది. అప్పుడు ‘నెమళ్ల సంరక్షణ ప్రణాళిక’ రాయక తప్పదు. నీళ్లతొట్లు కొన్ని, మొక్కలు కొన్ని, ‘నెమళ్లను కాపాడుదాం’ అని రంగురంగుల బోర్డులు కొన్ని. బ్లాస్టింగ్‌కు బెదిరి పారిపోయే నెమలి దారిలో ఆగి ఆ బోర్డు చదువుకుని ధైర్యం తెచ్చుకుంటుందని ఆశ. ఒక గనికి రాసిన ప్రణాళిక పక్క జిల్లా గనికీ పనికొస్తుంది, ఊరి పేరు మారిస్తే చాలు. ఒక్కోసారి టైపిస్టు తొందరలో ఆ పేరు కూడా మారదు. రత్నగిరి దగ్గర ఒక బాక్సైట్ గనికి రాసిన నివేదికలో రష్యా బాక్సైట్ గని నివేదికలోని పేరాలు కనిపించాయని గోల చేశారు. కొంకణ తీరానికి రష్యా వాతావరణం తెప్పించగలిగితే మనం సంతోషించాలి గానీ, గొడవ చేస్తామా?

ఇక దేవుళ్లు, సమాధుల సంగతి. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కట్టకూడదు. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. చక్కటి నియమం. కన్సల్టెంటు జాబితా తెరిచి చూస్తాడు, పేరుంటే ఉంది, లేకపోతే లేదు. పోలేరమ్మ ఆ జాబితాకి దరఖాస్తు పెట్టుకోలేదు. పోతురాజు రాయికి సర్వే నంబరు లేదు. గుట్ట కింద గుండ్రంగా పాతిన బండల్ని ఊళ్లోవాళ్లు రాకాసి గుళ్లంటారు, అవి బృహత్‌శిలాయుగపు సమాధులని పురావస్తువాళ్లంటారు. పొక్లెయిన్ డ్రైవరుకి మాత్రం అవి ఉత్త బండలు, మధ్యాహ్నానికల్లా టిప్పరులో ఉంటాయి. నాగార్జునసాగర్ కట్టే రోజుల్లో, లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆరేళ్లు తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి చేర్చారు. ఆరేళ్లు! అప్పటివాళ్లకు గడువంటే ఏమిటో తెలియదు పాపం.

ఈ అరాచకానికి పరిష్కారం నోటిఫికేషన్‌లోనే ఉంది. ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. కలెక్టరుగానీ ఆయన ప్రతినిధిగానీ కూర్చుంటారు. వందల పేజీల నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది, సారాంశం మాత్రం తెలుగులో ఇస్తారు. ఇదే సదుపాయం జీవరాశికీ కల్పించాలి. కప్పలు, ఆరుద్ర పురుగులు, కలివికోళ్లు, ఇంకా స్థలం మీద హక్కుందనుకునే రాకాసులు ఎవరైనా సరే, నిర్ణీత తేదీన ఉదయం పదకొండింటికి షామియానా కిందికి వచ్చి, పేరు నమోదు చేయించుకుని, మైకులో తమ అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. మజ్జిగ ప్యాకెట్లు ప్రాజెక్టు వారి ఖర్చు. ఎవరూ రాకపోతే ఎలాగన్న టెన్షన్ అక్కర్లేదు. సమావేశం మొదలుపెట్టడానికి కోరం అవసరం లేదని నోటిఫికేషన్‌లో ముందే రాసిపెట్టారు.