ఆవు తేన్పు జోకులు సరే, కబేళా కూలీ సంగతేంటి

ఆవు తేనిస్తే పన్నంట అని 2024లో డెన్మార్క్ మీద మనోళ్ళు వాట్సాప్‌లో తెగ జోకులేసుకున్నారు. పశువుల నుంచి వచ్చే, భూమిని వేడెక్కించే వాయువుల మీద పన్ను వేస్తామని ఆ దేశం అన్నది మరి. నవ్వుకోండి తప్పేం లేదు, కానీ ఆ జూన్‌లో ఈ పన్ను మీద ఒప్పందం కుదిరిన టేబుల్ చుట్టూ ఎవరున్నారో కూడా చూడాలి కదా. సర్కారు, రైతుల సంఘం, ఇండస్ట్రీ వాళ్ళు, మున్సిపాలిటీలు, పర్యావరణ సంస్థ, వాళ్ళతో సమానంగా కూర్చున్న ఎన్ఎన్ఎఫ్, అంటే కబేళాల్లో బేకరీల్లో పనిచేసేవాళ్ళ యూనియన్.

పన్ను 2030 నుంచి, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో టన్ను వాయువుకి 300 క్రోనర్లు (డెన్మార్క్ డబ్బు), 2035కి 750. అందులో 60 శాతం మినహాయింపు ఇచ్చేశారు కాబట్టి రైతు నిజంగా కట్టేది ముందు 120, తర్వాత 300. మాకైతే ఈ డిస్కౌంట్ కాస్త ఎక్కువే అనిపించింది.

అసలు కత్తి పట్టేవాడికి వాతావరణంతో పనేంటి అంటారా, పశువులు తగ్గితే ముందు పోయేది వాడి ఉద్యోగమే. పన్ను ఇంకా రాకముందే పోతున్నాయి కూడా. ఏటా కోటికి పైగా పంది పిల్లల్ని బతికుండగానే పోలెండ్‌కీ జర్మనీకీ లారీల్లో తోలేస్తున్నారు, అక్కడే మేపి అక్కడే కోస్తారు, డెన్మార్క్‌లో కోయడానికి పందులు చాలక డానిష్ క్రౌన్ కంపెనీ 2024లోనే రింగ్‌స్టెడ్ కబేళా మూసేసింది, దాదాపు 1,200 మంది రోడ్డున పడ్డారు. యూనియన్ లేకుండా పన్ను రాసేసి ఉంటే రేపు మూతపడే ప్రతి కబేళాకీ పర్యావరణం వాళ్ళనే తిట్టేవాళ్ళు. పైగా పంది పక్క దేశానికి పోతే పనీ దాంతోనే పోతుంది, గాలి మాత్రం రెండు దేశాలకీ ఒకటేగా. అందుకే ఈ విషయంలో కూలీ బాధ, పర్యావరణం బాధ వేరు కాదని మేం అనుకుంటున్నాం.

ఇక మన భీమవరం వైపు వద్దాం. కరెంటు సబ్సిడీ అన్నా, 2025లో అమెరికా 50 శాతం టారిఫ్ అన్నా, మాట్లాడేది రొయ్యల చెరువు రైతులు, ఎగుమతిదారులు. పీలింగ్ షెడ్లో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తల తీసే ఆడవాళ్ళని పిలిచి అడిగేదెవరు? రేపు కొనే దేశాలు కార్బన్ లెక్క అడిగితే, మిషన్లు మార్చాలంటే, చెరువులు తగ్గించాలంటే, ఆ మీటింగుకీ మళ్ళీ ఆ రైతులు, ఎగుమతిదారులే వెళ్తారు. షెడ్లలో పనిచేసే ఈ ఆడవాళ్ళలో చాలామంది కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్ళు, కొందరి పేరైతే మస్టర్లో కూడా ఉండదు.